నర్సింగ్ హోముల పక్షమున

2007వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, అమెరికాలోని లూయిసియానా రాష్ట్రమందు సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ అను చిన్న పట్టణపు న్యాయస్థానములో ఒక కేసు ముగిసినది. ముద్దాయిలు భార్యాభర్తలు; అరువదేండ్లు దాటినవారు; సెయింట్ రీటాస్ అను నర్సింగ్ హోమునకు యజమానులు. 35 మంది వృద్ధులు వీరి నిర్లక్ష్యము వలన మరణించిరని 35 అభియోగములు, బ్రతికి బయటపడిన నిస్సహాయులను క్రూరమైన బాధకు గురిచేసిరని మరి 24 అభియోగములు వారిపై మోపబడెను. ఆరుగురు జూరీ సభ్యులు కొన్ని గంటలు ఆలోచించి, అన్నింటను వారు నిర్దోషులని తీర్పు చెప్పిరి.

ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో ముఖ్యుడు న్యూ ఆర్లియన్స్‌కు చెందిన జేమ్స్ కాబ్. మంచముపై నుండి లేవలేని వృద్ధులు నీట మునిగి చనిపోయిన కేసులో యజమానుల వకాల్తా పుచ్చుకొనుట కీర్తి తెచ్చు పని కాదు. అయినను, ముద్దాయికి న్యాయవాది లేని న్యాయస్థానము న్యాయస్థానమే కాదు. అమెరికాలో ఇట్టి సంస్థల పక్షమున వాదించుటయే జీవనవృత్తిగా గల న్యాయవాదులు నేడు ఒక ప్రత్యేక వర్గముగా ఏర్పడియున్నారు. వారి వృత్తి గడచిన యేబది యేండ్లలో ఏ రూపమున ఉండెనో, ఏ రూపమునకు మారినదో గమనించినచో, వృద్ధుల సంరక్షణను గూర్చియే గాక న్యాయమును గూర్చి కూడ కొంత తెలియును.

ముందుగా ఒక మాటకు అర్థము చెప్పుకొనవలెను. తెలుగునాట నర్సింగ్ హోమనగా కాన్పులు, ఆపరేషన్లు జరుగు చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అట్లు గాదు. తమంతట తాము లేవలేని, తినలేని, స్నానము చేయలేని వృద్ధులు నెలల తరబడి, కొందరు తుదిశ్వాస వరకు, నివసించు దీర్ఘకాల సంరక్షణాలయమే అక్కడ నర్సింగ్ హోము. ఇట్టివి ఆ దేశములో సుమారు 15,000 గలవు. వానిలో నివసించువారు 12 లక్షలకు పైబడియున్నారు. వందకు సుమారు 70 హోములు లాభాపేక్షతో నడచునవియే.

ఇవి ప్రైవేటు చేతులలో పడుటకు కారణము ప్రభుత్వమే యనుట వింతగా తోచవచ్చును. 1935లో అమెరికా చేసిన సామాజిక భద్రతా చట్టము పేద వృద్ధులకు భృతి నేర్పరచినది. కాని ప్రభుత్వ అనాథశరణాలయములలో నుండువారికి ఆ భృతి చెల్లదని నిబంధన పెట్టినది. అపకీర్తి పాలైన ఆ శరణాలయములు మూతపడవలెనన్నదే ఉద్దేశము. అవి మూతపడినవి గాని, వృద్ధులకు వేరొక చోటు కావలసి వచ్చినది. భృతి పుచ్చుకొని వృద్ధులను చేర్చుకొను ప్రైవేటు ఇండ్లు వెలసినవి. 1965లో మెడికేర్, మెడికెయిడ్ పథకములు రాగానే ఆ ఇండ్ల వ్యాపారము పెద్ద పరిశ్రమగా ఎదిగెను. నేడు నర్సింగ్ హోములలోని నూరుమందిలో 60 మందికి పైగా ఖర్చును మెడికెయిడే భరించుచున్నది. డబ్బు ప్రభుత్వముది, గోడలు యజమానివి, చేయి పట్టి లేపునది కొద్ది వేతనమునకు పనిచేయు సహాయకురాలు, బాధ వృద్ధునిది. దోషమెవరిదను ప్రశ్న పుట్టినప్పుడు సమాధానము తేలికగా దొరకకుండుట ఈ అమరికలోనే యున్నది. ప్రతివాది పక్ష న్యాయవాదికి పని దొరకుచున్నదియు అందుచేతనే.

ఇక సెయింట్ రీటాస్ కథ. ఈ హోము న్యూ ఆర్లియన్స్‌కు ప్రక్కన సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో ఉండెను. పారిష్ అనగా ఆ రాష్ట్రములో జిల్లా వంటిది. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను తీరమును తాకెను. పారిష్‌లోని ఇతర హోములు అంతకు ముందే వృద్ధులను దూరప్రాంతములకు తరలించినవి. అధికారులు బస్సులు పంపుదుమనగా సెయింట్ రీటాస్ యజమానులు అంగీకరింపలేదు. ఈ రెండు సంగతులే ప్రాసిక్యూషన్ వాదమునకు మూలస్తంభములు. చూపులకు ఇంతకంటె బలమైన కేసు లేదు.

కాని యజమానులు పారిపోలేదు. వారు, వారి బంధువులు ఆ రాత్రి హోములోనే ఉండిరి. గాలి తగ్గి గండము గడచినదని ఊపిరి పీల్చుకొనుచుండగా కరకట్టలు తెగినవి. కొద్ది నిమిషములలోనే నీరు కప్పునంటెను. చేతనైనంత మందిని పరుపులపై తేల్చి, పడవలలోనికి చేర్చిరి. మిగిలినవారు లోపలనే మరణించిరి.

కాబ్ వాదము రెండు మెట్లుగా సాగినది. మొదటిది: బలహీనులైన వృద్ధులను కదలించుట కూడ ప్రాణాపాయమే. ఇది న్యాయవాది నోటి చాతుర్యము మాత్రమే గాదు. కత్రీనా వచ్చిన నెల తిరుగకుండనే మరియొక తుపాను టెక్సాస్ వైపు వచ్చినది. దాని పేరు కూడ రీటాయే. దానికి వెరచి ఒక వృద్ధుల నివాసము తనవారిని బస్సు ఎక్కించి పంపగా, సెప్టెంబరు 23న డల్లస్ సమీపమున ఆ బస్సు మంటలలో చిక్కుకొని 23 మంది మరణించిరి. తుపానుల వేళ తరలింపబడిన నర్సింగ్ హోము వృద్ధులలో, ముఖ్యముగా మతిమరుపు వ్యాధి గలవారిలో, మరణములు పెరుగునని తరువాతి పరిశోధనలు కూడ తెలిపినవి. ఉండుట యందు ప్రమాదము. పోవుట యందు ప్రమాదము. ఎటు మొగ్గవలెనో నిర్ణయించిన యజమాని, ఆ నిర్ణయము తప్పైనంత మాత్రమున నేరస్థుడగునా?

రెండవది ఇంకను పదునైనది. ఆ వృద్ధులను ముంచిన నీరు ఎక్కడినుండి వచ్చెను? ఆకాశమునుండి కాదు. సైన్యపు ఇంజనీర్ల శాఖ నిర్మించిన కరకట్టల వెనుకనుండి వచ్చెను. నిస్సహాయులను తరలించు బాధ్యత రాష్ట్ర ప్రభుత్వమునకు లేదా? ఉన్నచో అది ఏమి చేసినది? ముద్దాయిల పక్షమువారు గవర్నరు కాథ్లీన్ బ్లాంకోనే సాక్షిగా పిలిపించిరి. ముద్దాయి నిలిచిన చోట పాలకుల పనితనము విచారణకు నిలిచినది.

జూరీ ముద్దాయిలను విడిచిపెట్టుటయందు ఈ వాదము పాలెంతయో ఎవరును తూచి చెప్పలేరు. కాని తరువాత జరిగినది గమనింపదగినది. 2009 నవంబరులో న్యూ ఆర్లియన్స్ ఫెడరల్ న్యాయమూర్తి స్టాన్‌వుడ్ డువాల్, సెయింట్ బెర్నార్డ్ ప్రాంతపు ముంపునకు సైన్యపు ఇంజనీర్ల శాఖ తన ఓడల కాలువను సరిగా నిర్వహింపకపోవుటయే కారణమని తీర్పు చెప్పెను. 2012లో పై న్యాయస్థానము మొదట ఆ తీర్పును సమర్థించి, కొద్ది నెలలకే తన మాటను తానే మార్చుకొని, ప్రభుత్వముపై ఇట్టి దావా చెల్లదని కొట్టివేసినది. కారణము తెలిసినది, బాధ్యుడు మాత్రము దొరకలేదు. మృతుల పిల్లలకు ఇది ఎంతటి ఊరటయో చెప్పనక్కరలేదు.

కాబ్ గెలిచినాడు గనుక న్యాయమే గెలిచినదనుట తొందరపాటగును. బస్సులు వద్దన్న మాట ఆ తీర్పుతో తుడిచిపెట్టుకొని పోలేదు. అయితే ఆ విచారణ ఒక మేలు చేసినది. తలుపులు తెరచిన న్యాయస్థానములో, ప్రమాణము చేసిన సాక్షులు, ప్రశ్నకు ప్రశ్నగా సంగతులన్నియు బయటపెట్టిరి. పత్రికలు వ్రాసినవి. 2013లో కాబ్ తన వాదమును పుస్తకముగా ప్రకటించెను. దానిని అంగీకరింపని వారికి అడ్డుచెప్పుటకు అవకాశము గలదు. తుపానులకు ముందు ఏమి చేయవలెనో ప్రతి నర్సింగ్ హోమును ప్రణాళిక వ్రాసి యుంచవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము గట్టి నిబంధనలు తెచ్చినది.

నిబంధనతోనే అంతయు చక్కబడినదనుకొనరాదు. 2021లో ఐడా తుపాను వచ్చినప్పుడు లూయిసియానాలోనే ఒక యజమాని తన ఏడు హోములలోని 800 మందికి పైగా వృద్ధులను తరలించెను. ఎక్కడికి? ఒక గిడ్డంగికి. నేలపై పరచిన పరుపులు, మురుగు, ఉక్క. కొందరు మరణించిరి. ఆ యజమాని 2024లో అభియోగములను ఎదిరింపక తలవంచి, జైలుకు పోకుండ ప్రొబేషన్‌తో బయటపడెను. తరలింపుము అన్న పాఠమును అక్షరముగా పాటించి అర్థమును వదలిన ఉదాహరణ మిది.

ఇవి అరుదైన కేసులు. నర్సింగ్ హోముల న్యాయవాది దినచర్యలో ఉప్పెనలు ఉండవు, గవర్నర్లు ఉండరు. పడక పుండ్లు ఉండును. రాత్రివేళ జారిపడి తుంటి విరిగిన వృద్ధురాలు ఉండును. ముద్ద గొంతున అడ్డుపడి చనిపోయిన వృద్ధుడు ఉండును. యువకుడైన న్యాయవాది మొదటి సంవత్సరములు చార్టులు చదువుటలోనే గడచిపోవును. ప్రతి వృద్ధునికి వందల పుటల చార్టు ఉండును: ఎప్పుడు మందు ఇచ్చిరి, ఎప్పుడు ప్రక్కకు తిప్పిరి, ఎంత తినెను, ఎంత నీరు త్రాగెను. వ్రాయనిది చేయనట్లే యని అక్కడి నర్సులకు శిక్షణలోనే నేర్పుదురు. చార్టులో ఖాళీగా ఉన్న ఒక్కొక్క గడియు వాది చేతిలో ఆయుధము. ఆ ఖాళీలకు కారణము చెప్పగలుగుటయే ప్రతివాది న్యాయవాది విద్య.

ఆ విద్యకంతకు కీలకము ఒకే ఒక మాట. 1986లో వైద్యశాస్త్ర నిపుణుల సంస్థ ఒకటి నర్సింగ్ హోముల దుస్థితిపై నివేదిక నిచ్చెను. దాని ఫలితముగా 1987లో సంస్కరణ చట్టము వచ్చెను. వృద్ధులను త్రాళ్ళతోగాని మత్తుమందులతోగాని కట్టిపడవేయరాదనియు, ప్రతివానికి సంరక్షణ ప్రణాళిక ఉండవలెననియు ఆ చట్టము శాసించినది. దానిననుసరించి వచ్చిన నిబంధనలలో పడక పుండ్లను గూర్చి ఇట్లున్నది: పుండు లేకుండ హోములో చేరిన వానికి తరువాత పుండు పడరాదు, అతని శరీరస్థితిని బట్టి అది అనివార్యమని తేలిననే తప్ప. ఈ ‘అనివార్యము’ అను మాటపైనే ఎందరి వృత్తియో నిలిచియున్నది.

ఆ మాట కల్ల కాదు. రక్తప్రసారము మందగించి, ఆహారము మాని, మరణమునకు చేరువైన దేహమునకు రెండేసి గంటలకు ప్రక్క మార్చినను పుండు పడవచ్చును. కన్నతల్లి కృశించి చనిపోవుట కన్నులార చూచిన బిడ్డకు అది ఎవరో ఒకరి తప్పుగా తోచుట సహజము. ఆ దుఃఖమును చూచిన జూరీకి కోపము వచ్చుట ఇంకను సహజము. ముసలితనము చేసిన పనికి మనుష్యుని దండింపరాదని చెప్పుటకు ఒకడు కావలసినదే. కాని అదే మాట వెనుక వేరొక సంగతియు దాగవచ్చును. నలువదిమందిని ఇద్దరు సహాయకులు చూచు హోములో పుండు అనివార్యమే. అయితే అది దేహము వలన గాదు, జీతముల పట్టీ వలన. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుటకే సాక్ష్యము, విచారణ, జూరీ.

1990వ దశకము చివర ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రములలో నర్సింగ్ హోములపై దావాలు వెల్లువెత్తినవి. బీమా కంపెనీలు వెనుకకు తగ్గినవి. ఫ్లోరిడా 2001లో దావాలకు కొన్ని హద్దులు పెట్టుచునే, హోములు సిబ్బందిని పెంచవలెనని కూడ శాసించినది. బేరమైనను సమమైన బేరము. టెక్సాస్ 2003లో మనోవేదనకిచ్చు పరిహారమునకు పరిమితి విధించినది. ప్రతివాదుల పక్షపు న్యాయవాదులకు ఇవి మంచి దినములు. కాని ఆ కాలముననే వారి పని న్యాయస్థానమునుండి కార్యాలయమునకు మరలసాగెను. హోము కట్టడమును ఒక కంపెనీ పేరను, నడపు బాధ్యతను వేరొక కంపెనీ పేరను ఉంచినచో దావాల బెడద తగ్గునని 2003లో ఇద్దరు న్యాయవాదులు ఒక న్యాయపత్రికలోనే బహిరంగముగా సలహా వ్రాసిరి. గెలిచిన వాదికి వసూలు చేసుకొనుటకు ఏమియు మిగులకుండు ఏర్పాటిది. చట్టవిరుద్ధము కాదు. ఎవరిది ఏ హోమో తెలుపవలెనని కేంద్ర ప్రభుత్వము వివరమైన నిబంధన చేయుటకు 2023 వరకు పట్టినది.

దీనికంటె దూరముపోయిన ఏర్పాటు మరియొకటి యున్నది. అది ఒక కాగితము. ఆసుపత్రిలో నాలుగు దినములు గడిపిన తల్లిని నర్సింగ్ హోమునకు మార్చవలసినదని డాక్టర్లు చెప్పుదురు. ఆసుపత్రి పడక ఖాళీ చేయవలెను, కుమార్తెకు ఉద్యోగము, తల్లికి మతి నిలుకడగా లేదు. హోము కార్యాలయములో కాగితముల కట్ట ముందుంచుదురు. ఆహారము, మందులు, బట్టలు ఉతుకుట, చెల్లింపులు. వాని నడుమ ఒక పుట. భవిష్యత్తులో ఏ వివాదము వచ్చినను న్యాయస్థానమునకు పోక, ఆర్బిట్రేటరు చెప్పిన తీర్పునకు కట్టుబడి యుందుమని దాని సారాంశము. కుమార్తె అన్నింటితోపాటు దానిపైనను సంతకము చేయును. తల్లికి ఏ హానియు జరుగకముందే, ఆ హానిని జూరీ వినకుండ తలుపు మూతపడినది.

ఈ కాగితమునకు బలము 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టము. వర్తకుల నడుమ తగవులు త్వరగా తీర్చుకొనుటకై వచ్చిన చట్టమది. వర్తకుడును వర్తకుడును సమానులు. హోమునకును, చేరబోవు వృద్ధురాలికిని ఆ సమానత ఎక్కడిది? పశ్చిమ వర్జీనియా సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి ఆలోచనతోనే, ప్రాణహాని కేసులలో ముందుగా వ్రాసిన ఆర్బిట్రేషన్ ఒప్పందములు చెల్లవనెను. 2012లో అమెరికా సుప్రీంకోర్టు దానిని త్రోసివేసెను. కెంటకీ రాష్ట్ర రాజ్యాంగము జూరీ విచారణ హక్కును పవిత్రమని చెప్పుచున్నది. కనుక ముక్తియారు పత్రముపై బంధువు చేసిన సంతకము ఆ హక్కును హరింపవలెనన్న, ఆ పత్రములో స్పష్టముగా అట్టి అధికార మీయబడి యుండవలెనని కెంటకీ న్యాయస్థానము చెప్పినది. 2017 మేలో ‘కిండ్రెడ్’ కేసున సుప్రీంకోర్టు 7–1 ఆధిక్యతతో దానినిగూడ కాదన్నది. తీర్పు వ్రాసినది జస్టిస్ ఎలీనా కేగన్. ఇతర ఒప్పందములకు లేని అడ్డంకి ఆర్బిట్రేషన్‌కు మాత్రమే పెట్టుట 1925 చట్టమునకు విరుద్ధమన్నది ఆమె తర్కము. చట్టమును చదువుటలో ఆమె తప్పుబట్టవీలులేని మార్గముననే నడచినది. తొంబదేండ్ల క్రిందటి వర్తకుల చట్టము వృద్ధురాలి మంచము వరకు వచ్చినదన్నది వేరు సంగతి.

ఆర్బిట్రేషన్ ఖర్చు తక్కువ, ఆలస్యము తక్కువ యని హోముల న్యాయవాదులు చెప్పుదురు. అందు నిజము లేకపోలేదు. న్యాయస్థానములో ఏండ్లు గడచునప్పటికి సాక్షులు చెదరిపోవుదురు. పరిహారములో పెద్ద భాగము వకీళ్ళకే పోవును. అయితే అంత మేలైన పద్ధతిని వివాదము పుట్టిన తరువాత, సంగతులు తెలిసిన తరువాత, రెండు పక్షములును ఎన్నుకొనవచ్చును గదా? ముందుగానే, అదియు చేరిక నాడే, సంతకము ఎందులకు? ఈ ప్రశ్నకు వారి సమాధానము బలహీనము.

మెడికేర్, మెడికెయిడ్‌లను నడపు కేంద్ర సంస్థకు కూడ ఇట్లే తోచినది. వివాదమునకు ముందు చేసుకొను ఇట్టి ఒప్పందములను నిషేధించుచు 2016లో అది నిబంధన చేసెను. హోముల సంఘము వారు మిసిసిపీలోని ఫెడరల్ కోర్టున దావా వేసి, ఆ సంవత్సరము నవంబరులోనే దానిని నిలుపుదల చేయించిరి. ప్రభుత్వము మారినది. 2019లో వచ్చిన నిబంధన మెత్తనిది: ఒప్పందము చేసుకొనవచ్చును, కాని సంతకము చేయనివారిని చేర్చుకొనమనరాదు, వారికి అర్థమగు భాషలో వివరింపవలెను, 30 దినములలోపల మనసు మార్చుకొనవచ్చును. మతిమరుపు వ్యాధితో చేరిన వృద్ధురాలు మనసు మార్చుకొనుటకు ముప్పది దినములు.

కోవిడ్ కాలమున అమెరికా నర్సింగ్ హోములలో వృద్ధులు, సిబ్బంది కలిసి రెండు లక్షలకు పైగా మరణించిరి. పెక్కు రాష్ట్రములు హోములకు దావాల నుండి రక్షణ కల్పించినవి. న్యూయార్కు 2020లో ఇచ్చిన రక్షణను 2021లో రద్దు చేసికొన్నది. ఒక్కొక్క వృద్ధునికి దినమునకు 3.48 గంటల సంరక్షణ ఉండవలెనని కేంద్రము 2024లో నిబంధన చేయగా, హోముల సంఘము మరల కోర్టుకెక్కెను. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దానిని కొట్టివేసెను. ఆ జూలైలో వచ్చిన చట్టము దాని అమలును 2034 వరకు ఆపివేసెను. వృద్ధుల పక్షమున వచ్చిన గట్టి తీర్పు 2023 నాటి టలెవ్‌స్కీ కేసు. ప్రభుత్వ యాజమాన్యములోని హోము 1987 చట్టపు హక్కులను భంగపరచినచో, వృద్ధులు ఫెడరల్ న్యాయస్థానమున దావా వేయవచ్చునని సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యతతో నిర్ణయించెను. అయితే హోములలో అధిక భాగము ప్రభుత్వమువి కావు.

ఈ విధముగా, ఒకనాడు జూరీ ముందు నిలిచి చార్టును వివరించిన న్యాయవాది నేడు చార్టు పుట్టకముందే కాగితము వ్రాయుచున్నాడు. రెండు పనులును చట్టసమ్మతములే. రెంటిని చేయువాడును తన కక్షిదారునకు విశ్వాసపాత్రుడే. కాని మొదటివాడు ఓడినను గెలిచినను లోకమునకు ఒక సంగతి తెలిసెడిది. సెయింట్ రీటాస్ యజమానులు నిర్దోషులుగా బయటపడినను, ఆ రాత్రి ఏమి జరిగెనో, బస్సులు ఎందుకు కదలలేదో, కట్ట ఎందుకు తెగెనో చదువగోరిన వానికి నేటికిని చదువుటకున్నది.

ఆర్బిట్రేషన్ గదిలో ప్రేక్షకులు లేరు, జూరీ లేదు. తీర్పును పై కోర్టులో ఎదిరించుటకు అవకాశమును స్వల్పము. 2019 నిబంధన ఒక్కటి మాత్రము కోరినది. సంతకము చేసిన ఒప్పందమును, ఆర్బిట్రేటరు ఇచ్చిన తుది తీర్పును హోము తన కార్యాలయములో ఐదేండ్లు భద్రపరచి, కేంద్ర అధికారులు అడిగినప్పుడు చూపవలెను. ఐదేండ్ల తరువాత ఆ కాగితములను ఉంచవలెనని ఆ నిబంధన కోరదు.